తిథి చెప్పి వచ్చిన అతిథి

అతిథి అంటే తిథి లేనివాడని చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు అర్థం చెప్పారు. ఫలానా రోజు వస్తానని కబురు చెయ్యకుండా, ఏ మిట్టమధ్యాహ్నమో చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడేవాడన్నమాట. ఆ లెక్కన ఈ రోజుల్లో పరదేశాలు వెళ్ళి అక్కడి సంసారుల ఇళ్ళల్లో దిగేవాళ్ళెవరూ అతిథులు కారు. మూడు నెలల ముందే తేదీ ఖాయం చేసుకుంటారు. ఎన్ని గంటల రైలుకు వస్తారో రాస్తారు. డబ్బు కూడా ముందే కట్టేస్తారు. తిథివారనక్షత్రాలన్నీ చెప్పి వచ్చినవాణ్ణి అతిథి అనడానికి వ్యాకరణం ఒప్పుకోదు. మరేమనాలి? చుట్టమనాలా, అద్దెకున్నవాడనాలా?

మాటకేముంది లెండి, "హోమ్‌స్టే" అని ఇంగ్లీషు మాట ఉండనే ఉంది. నన్ను పట్టుకుని వదలనిది మాట కాదు, దాని వెనక ఉన్న సంగతి. డబ్బు పుచ్చుకుని పెట్టిన అన్నం ఆతిథ్యమవుతుందా? బిల్లు తీరిపోయాక తిన్నవాడికీ పెట్టినవాళ్ళకీ మధ్య ఇంకేమైనా బాకీ మిగులుతుందా?

మిగలదని మా పెద్దమ్మ తీర్పు. "డబ్బిచ్చాక ఇంకా చుట్టరికమేమిటే? హోటల్లో సర్వరు ఇడ్లీ పెట్టాడని వాణ్ణి బాబాయీ అంటామా?" అంటుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. ఉపనిషత్తు అతిథిని దేవుడితో సమానంగా చూడమంది. దేవుడి దగ్గర రోజుకింతని ఎవరు వసూలు చేస్తారు?

మన కావ్యాల్లో అతిథుల కోసం మొహం వాచిపోయిన గృహస్థు ప్రవరుడు. పెద్దన మనుచరిత్రలో ఆయన ఇంటికి తీర్థవాసులు వస్తే ఎదురెళ్ళి కాళ్ళు కడిగి, భోజనం పెట్టి, ఆ తరవాత పక్కన కూర్చుని మీరేయే దేశాలు చూశారు, ఏయే కొండలెక్కారని అడిగి అడిగి చెప్పించుకునేవాడు. తాను వెళ్ళలేనందుకు నిట్టూర్చేవాడు. అంటే డబ్బు పుచ్చుకోలేదు గాని, ఊరికే పెట్టాడనీ నేననలేను. కథలు పుచ్చుకున్నాడు. చివరికి పాదలేపం కూడా పుచ్చుకుని హిమాలయాల మీద పడ్డాడు, ఆ గొడవ మీకు తెలిసిందే. అక్కడే పెద్దన ఇంకో మాట కూడా చెప్పాడు. వెయ్యిమంది వచ్చినా, నడిరాత్రి వచ్చినా ఆ ఇంటి ఇల్లాలు వండడానికి అలసిపోదట. చదువుకునే రోజుల్లో ఆ పద్యం దగ్గర మేమంతా తలలూపాం. ఇప్పుడు చదివితే నాకొకటే సందేహం. అలసిపోయిందో లేదో ఆవిడనెవరు అడిగారు? పుణ్యం ప్రవరుడిది, కథలు ప్రవరుడివి, పొయ్యి ఆవిడది.

ఇదే మన దేశంలో డబ్బు పుచ్చుకుని ఇంట్లో భోజనం పెట్టిన ఆడవాళ్ళూ ఉన్నారు. పూటకూళ్ళ ఇల్లు కొత్తదేమీ కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లులో ఒక రూకకు కమ్మని భోజనం దొరికిందని క్రీడాభిరామం చెబుతోంది. కాని మనం పూటకూళ్ళమ్మ అన్న మాటను ఎలా పలుకుతామో ఒక్కసారి చెవి పెట్టి వినండి. గౌరవంగా పలకం. కన్యాశుల్కంలో సరుకుల కోసం ఆవిడిచ్చిన డబ్బు వేరేచోట తగలేసినవాడు గిరీశం. అయినా నవ్వు ఆవిడ చీపురుకట్ట చూసి. లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చిన ప్రతివాడికీ వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారిని (1841–1909) అపర అన్నపూర్ణ అని చేతులెత్తి మొక్కుతాం. మొక్కవలసిందే, కాదనను. ఆవిడకు పొలాలున్నాయి, వడ్డించింది. పొలాలు లేని విధవరాలు అదే అన్నం, అదే పప్పు వండి, పెట్టినందుకు ఇంతని పుచ్చుకుంటే ఆవిడ ఎందులో తక్కువైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సరే, పరదేశాల సంగతికి వద్దాం. పైసా పుచ్చుకోకుండా ప్రయాణికుల్ని ఇళ్ళల్లో ఉంచుకునే పద్ధతి అక్కడా ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో తుపాకి పట్టనని చెప్పి జైలుకు వెళ్ళిన బాబ్ లూయిట్‌వీలర్ అనే అమెరికన్, 1949లో డెన్మార్కులో కొందరు స్నేహితులతో కలిసి ఒక సంఘం మొదలుపెట్టాడు. ఒక దేశంవాడు ఇంకో దేశంవాడి వంటింట్లో కూర్చుని తింటే, రేపు వాడి మీద బాంబు వెయ్యడానికి చెయ్యి రాదని వాళ్ళ నమ్మకం. గాంధీగారి ప్రభావం కూడా వాళ్ళ మీద ఉంది. ఎస్పెరాంటో భాషలో సేవకు సంబంధించిన "సెర్వాస్" అనే మాటను తరవాత దానికి పేరుగా పెట్టుకున్నారు. ఇప్పటికీ నడుస్తోంది, మన దేశంలోనూ సభ్యులున్నారు. చేరాలంటే పాత సభ్యులెవరో మనతో కూర్చుని మాట్లాడతారు. మనిషి సరైనదే అనిపిస్తే పరిచయపత్రం ఇస్తారు. అది పట్టుకుని వెళితే మామూలుగా రెండు రాత్రులు ఉండనిస్తారు. డబ్బు ప్రసక్తి లేదు. రెండు రాత్రులన్న ఆ నియమం పెట్టినవాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లిందని నాకు గట్టి అనుమానం.

తరవాత ఇంటర్నెట్టు వచ్చింది. 2004లో సోఫా మీద పడుకోనిచ్చే సంఘమొకటి ఉచితంగా మొదలై, 2011లో కంపెనీ అయి, 2020లో సభ్యుల దగ్గర చందా పుచ్చుకోవడం మొదలుపెట్టింది. ఇంకొకటి, 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దె కట్టలేని ఇద్దరు కుర్రాళ్ళు హాల్లో గాలిపరుపులు పరిచి, పొద్దున్న ఫలహారం పెడతామని చెప్పి మొదలుపెట్టింది. అదే ఎయిర్‌బిఎన్‌బి. ఇప్పుడు ఆ గాలిపరుపులెక్కడ, ఆ ఫలహారమెక్కడ! చాలాచోట్ల ఇంటివాళ్ళ మొహమే కనబడదు. గుమ్మం పక్కన చిన్న పెట్టెలో తాళంచెవి ఉంటుంది, నంబర్లు నొక్కి తీసుకోవడమే. ఇల్లుంది గాని ఇంట్లో ఎవరూ లేరు. అటువంటి కొంపలు పెరిగి ఊరివాళ్ళకు అద్దెకు ఇళ్ళు దొరక్కపోవడంతో, బార్సిలోనా నగరం 2028 కల్లా టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఎత్తేస్తామని 2024లో ప్రకటించింది. పక్కింటివాళ్ళ గూడు చెరిపి దిగడాన్ని ఏ అర్థంలోనూ ఆతిథ్యమనలేం కనక దాన్ని అక్కడ వదిలేస్తాను.

నేను చెప్పేది ఇంటావిడ ఇంట్లో ఉన్న ఇళ్ళ సంగతి. మా బంధువుల అమ్మాయి జపాన్‌లో కనజావా అనే ఊళ్ళో చదువుకుంటూ ఒక కుటుంబంతో ఉండేది. ఆ పిల్ల మాట మీద నేను వాళ్ళింట్లోనే తొమ్మిది రోజులున్నాను. భార్యాభర్తలిద్దరే, అరవై దాటినవాళ్ళు. ఆయన బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అది నవంబరు. ఊళ్ళోని కెన్‌రొకుయెన్ తోటలో, రాబోయే మంచు బరువుకు కొమ్మలు విరగకుండా పైన్ చెట్లకు తాళ్ళతో గొడుగుల్లా కట్టి ఉంచారు. చెట్టుకే అంత జాగ్రత్త చేసే ఊళ్ళో మనిషికి జరిగే మర్యాద గురించి వేరే చెప్పాలా?

చెప్పాలి. ఎందుకంటే మర్యాద రెండువైపులా కత్తి. గుమ్మం లోపల చెప్పులు విడవడం మనకు అలవాటే. అక్కడ లోపల తొడుక్కోవడానికి వేరే చెప్పులిస్తారు. చాప పరిచిన గదిలోకి వెళ్ళేటప్పుడు అవీ విడవాలి. దొడ్డికి వేరే చెప్పులు. స్నానానికి ముందే ఒళ్ళంతా శుభ్రంగా కడుక్కుని, ఆ తరవాత వేడినీళ్ళ తొట్టెలో దిగి కూర్చోవాలి. ఆ నీళ్ళలోనే ఇంట్లో అందరూ ఒకరి తరవాత ఒకరు దిగుతారు. మొదటి వంతు వచ్చినవాళ్ళది. ఇంటాయన కంటే ముందు నేను దిగాలంటే ప్రాణం చచ్చినట్టుండేది. వద్దంటే వాళ్ళకు బాధ. అక్కడ తెలిసింది, మన మొహమాటానికి వాళ్ళ భాషలోనూ సరిగ్గా అతికే మాట ఉందని. "ఎన్‌ర్యో" అంటారు. మొహమాటపడకండి అన్నట్టే ఎన్‌ర్యో పడకండి అంటారు. అన్నాక మనం ఎలాగైతే ఇంకా ముడుచుకుంటామో అక్కడా అంతే.

అసలు చిక్కు తిండి దగ్గర. మాంసం, చేప, గుడ్డు తిననని ముందే రాశాను. వాళ్ళ వంటలో చేపముక్క కనబడకపోయినా, పులుసుకు మూలమైన నీళ్ళే ఎండుచేప తురుముతో కాస్తారు. మనకు చారుకు చింతపండు ఎలాంటిదో వాళ్ళకు అదలాంటిది. ఆవిడ నాకోసం ఒక కొత్త గిన్నె కొని, సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులు రాత్రే నీళ్ళలో నానబెట్టి, తొమ్మిది రోజులూ నా పులుసు విడిగా కాసింది. వాళ్ళ బౌద్ధ ఆలయాల్లో సన్యాసులు చేసుకునే పద్ధతట అది. పొద్దున్న ఐదున్నరకు వంటింట్లో దీపం వెలిగేది. నేనిచ్చిన డబ్బులో ఆ గిన్నె ఖరీదు ఉండొచ్చు. ఐదున్నరకు లేవడం ఖరీదు ఉందా?

ఇలా అనుకుని మథనపడుతూ, ఒకరోజు ఆయన బజారుకెళ్ళినప్పుడు ఆవిణ్ణి అడిగేశాను, మీకు ఇది శ్రమ కాదా అని. ఆవిడకొచ్చిన ఇంగ్లీషు కొంత, ఫోను అనువాదం కొంత. ఆవిడ నవ్వి చెప్పిందాని సారాంశం ఇది. ముప్ఫై ఏళ్ళు మా ఆయన రాత్రిపూట తన తోటి మాస్టర్లను చెప్పకుండా ఇంటికి తీసుకొచ్చేవారు. నేను వండి పెట్టేదాన్ని. వాళ్ళాయనతో మాట్లాడేవాళ్ళు, నేను వంటింట్లో ఉండేదాన్ని. అందరూ ఆయన్ను ఎంత మంచి అతిథేయుడో అనేవాళ్ళు. ఇప్పుడు ఎవరు రావాలో, ఏ వారం రావాలో నేను చెబుతాను. వచ్చినవాళ్ళు నాతో మాట్లాడతారు. డబ్బు నా పేరున బ్యాంకులో పడుతుంది. ఏడాదికి 180 రోజులకు మించి ఎవర్నీ ఉంచుకోకూడదని 2018లో చట్టం వచ్చింది. మిగతా 185 రోజులు నాకు ప్రభుత్వమిచ్చిన సెలవు.

అరుణాస్పదపురంలో ప్రవరుడి ఇల్లాలిని ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు నాకు జపాన్ సముద్రం ఒడ్డున దొరికినట్టయింది.

డబ్బు రావడంతో ప్రేమ పోతుందనే భయం మనకెందుకుంది? డబ్బు లేనప్పుడు అక్కడున్నదంతా ప్రేమే అని మనం అనుకోవడం వల్ల. ఇంటిల్లిపాదీ అతిథిమర్యాద అని మురిసిపోతున్న దాంట్లో సగం, కాదనలేని ఒక మనిషి చాకిరీ. డబ్బు ఆ మనిషికి కాదనే హక్కు ఇస్తుంది. కాదనగలిగిన మనిషి ఔనంటేనే ఆ ఔనుకు రుచి.

ఇలా అంటే డబ్బు అన్నీ సరిచేస్తుందని కాదు. పందొమ్మిదేళ్ళ గాంధీ 1888లో లండన్‌లో డబ్బిచ్చే ఒక ఇంట్లో ఉన్నారు. ఇంటావిడ విధవరాలు, ఇద్దరు కూతుళ్ళు. మాంసం ముట్టనని తల్లికిచ్చిన మాట సంగతి ఆవిడకు చెప్పారు. ఆవిడ తనకు చేతనైనదేదో పెట్టేది, అంతా చప్పగా ఉండేది. ఆడపిల్లలు జాలిపడి ఒకటి రెండు రొట్టెముక్కలు ఎక్కువ వేసేవాళ్ళు. మొత్తం రొట్టె అయితే తప్ప ఆకలి తీరదని ఆ పిల్లలకేం తెలుసు? ఆయనకు అడగడానికి సిగ్గు. ఫారింగ్‌డన్ వీధిలో శాకాహార హోటలు కనబడి కడుపునిండా తినేదాకా అర్ధాకలే. డబ్బిచ్చినా మొహమాటం పోలేదు చూశారా? హోటల్లో అయితే ఇంకో రొట్టె అని కేకేసేవారు. ఇంట్లో నోరు పెగల్లేదు. నా దృష్టిలో ఇల్లు ఇల్లేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఎక్కడ మనవల్ల ఇంకొకరు నొచ్చుకోగలరో అక్కడే మనకు మొహమాటం. హోటలు గోడలు నొచ్చుకోవు.

నేపాల్‌లో సిరుబారి అనే గురుంగుల ఊరుంది, స్యాంగ్జా జిల్లాలో. 1997లో ఊరంతా కలిసి ఇళ్ళల్లో ప్రయాణికుల్ని ఉంచుకోవడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళకు మేళతాళాలతో, పూలదండలతో ఎదురొస్తారు. ఏ ఇంట్లో దిగాలో మనం ఎంచుకోవడానికి వీల్లేదు. వంతుల ప్రకారం ఊరి కమిటీ పంచుతుంది. పెద్దిల్లున్నవాళ్ళకే లాభం పోకూడదు కదా! ఊరి అమ్మల సంఘానిది అందులో పెద్ద చెయ్యి. ఈ వంతుల పద్ధతి నాకు మహా నచ్చింది. ఇంకెక్కడైనా ఏం జరుగుతోందంటే, వెళ్ళొచ్చినవాళ్ళు ఇంటికి నక్షత్రాలు వేస్తారు. పరుపు గట్టిగా ఉందని ఒక నక్షత్రం కోత, ఇంటావిడ తక్కువ మాట్లాడిందని ఇంకో నక్షత్రం కోత. చదువుతుంటే నాకు పెళ్ళిచూపులు గుర్తొస్తాయి. కాఫీ ఉప్మాలు తిని వెళ్ళి, పిల్ల రంగు తక్కువని ఉత్తరం రాసేవాళ్ళు చూడండి, అదే వాటం. ఆ పిల్లకు తెలుసు కనకనే తల వంచుకుని చిరునవ్వు నవ్వేది. నక్షత్రాల కోసం నవ్వే నవ్వు కూడా అలాంటిదే కావచ్చునని నాకు దిగులు. ఊరు తెలియని ఒంటరి ఆడదానికి ముందువాళ్ళు రాసిన మాట ఎంత ధైర్యమో నాకూ తెలుసు. తలుపుకు గడియ ఉందా, వీధిలో దీపం ఉందా, ఇంట్లో ఆడవాళ్ళున్నారా అన్నది రాయవలసిందే. పులుసు రుచి మీద తీర్పు చెప్పడం మాత్రం తిన్న ఇంటికి చేసే పని కాదు.

ఉండే హక్కు ఎంతవరకు అన్న ప్రశ్న వేసుకున్న తత్త్వవేత్త ఒకాయనున్నాడు, జర్మన్ కాంట్. కోనిగ్స్‌బర్గ్ చుట్టుపక్కలు దాటి దూరం వెళ్ళినవాడు కాదు. శాశ్వతమైన శాంతి ఎలా వస్తుందని 1795లో రాసిన పుస్తకంలో అంటాడు, భూమి గుండ్రంగా ఉంది కనక మనుషులు ఒకరి గుమ్మంలోకి ఒకరు రాక తప్పదు, వచ్చినవాణ్ణి శత్రువుగా చూడకూడదు, కాని వచ్చినవాడికి చూసిపోయే హక్కే గాని మకాం వేసే హక్కు లేదు అని. ఆ పేజీల్లోనే, వర్తకం మిష మీద హిందూస్థానం వచ్చి సైన్యాలు దింపినవాళ్ళను దులిపేశాడు. మనకు వేరే చెప్పాలా? 1611లో మచిలీపట్నంలో కోఠీ పెట్టుకుని సరుకు కొనుక్కుపోతామన్న అతిథులు 1947 దాకా కదల్లేదు. డబ్బిచ్చి దిగినవాళ్ళే వాళ్ళూనూ.

అందుకేనేమో కనజావాలో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక మాట. ఇంట్లోంచి బయటికి వెళ్ళేవాళ్ళు "ఇత్తెకిమాస్" అంటారు. మక్కీకి మక్కీ మన "వెళ్ళొస్తాను". లోపలివాళ్ళు "ఇత్తెరషై" అంటారు, వెళ్ళిరమ్మని. తిరిగొచ్చి "తదైమా" అంటే "ఒకాయెరి" అని లోపలినుంచి పలుకుతారు. ఆ మాటలు ఇంటిమనుషులవి. మూడో రోజు పొద్దున్న నేను చెప్పులు తొడుక్కుంటూ ఆ మాట అంటే ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. ఆఖరు రోజున మాత్రం ఆ మాట అనడానికి లేదు. వెళుతున్నాను గాని రావడం లేదు కదా. అక్కడ చేతికి ఉత్త నోట్లు ఇవ్వరు, కవరులో పెట్టి ఇవ్వాలి. అలాగే ఇచ్చాను. ఆవిడ రెండు చేతులతో అందుకుని, ఇంకో కవరు నా చేతిలో పెట్టింది. అందులో ఎండు పుట్టగొడుగులు.

ఈ మధ్య ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే సంక్రాంతికి మా ఊరొస్తుందట, ముగ్గులు చూడడానికి. ఆయన రారట, ఒక్కత్తే. పది రోజులు మీ ఇంట్లో ఉండనిస్తారా, రోజుకెంతో రాయండి అని అడిగింది.

మా ఇంట్లో గగ్గోలు పుట్టింది. "ఏమిటమ్మా, మన ఇంట్లో అన్నం అమ్ముకుంటామా?" అన్నారు అత్తయ్యగారు. "ఆవిడ మనకు అతిథి. పైసా పుచ్చుకుంటే పరువేం కావాలి?" అన్నారు మావారు. ఆవిడకు ఉప్పూకారాలు తగ్గించి విడిగా వండాలి, స్నానానికి వేణ్ణీళ్ళు కాచాలి, వాకిట్లో ముగ్గు వేయించాలి. ఆ పది రోజులూ పొద్దున్న ఐదింటికి లేచేది వాళ్ళిద్దరిలో ఎవరూ కాదు. అంతకంటే ముఖ్యం, డబ్బు వద్దని రాస్తే ఆవిడ రాదు. వచ్చినా ఎన్‌ర్యోతో ముడుచుకుని, ఇంకో ముద్ద కావాలని కూడా అడగదు.

రెండు రోజులాలోచించి, రోజుకింతని ఒక అంకె వేసి రాశాను. ఆ అంకెలో పొద్దున్న కాఫీ కలపలేదని, అది మా అత్తయ్యగారి లెక్కలోదని కింద ఇంకో వాక్యం చేర్చాను.